చేతిరాత ఉత్తరం: కాగితం ఎంచుకున్నది మొదలు భద్రపరిచేదాకా

కనిగిరి దగ్గర మా ఊళ్లో, మా పాత ఇంటి నడవ దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉండేది. దాని కింది కొస చిన్న చెక్కబిళ్లలో దిగి ఉండేది, పై కొస కొక్కెంలా వంగి ఉండేది. వచ్చిన ప్రతి కార్డునూ, ప్రతి కవరునూ చదవడం అయ్యాక మా నాయన ఆ తీగకు గుచ్చేవారు. ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు ఆ కట్టను కిందికి దించి, కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. ప్రతి ఉత్తరానికీ నడిమధ్యన ఒక చిల్లు ఉంది, ఆ చిల్లు చుట్టూ తుప్పు మరక ఉంది. మా మేనత్త వెంకటగిరి నుంచి 1968లో రాసిన కార్డు మీద చిరునామా ‘కనిగిరి, నెల్లూరు జిల్లా’ అని ఉంది. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడేదాకా మా ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆమె పోయేనాటికి నేను చిన్నవాణ్ణి, ఆమె గొంతు నాకు గుర్తు లేదు. కానీ ‘అమ్మకు’ అని రాసేటప్పుడు ‘మ’ కింద ఒత్తును ఆమె ఎడమకు లాగి, సగంలో ఆపి వదిలేసేదని నాకు తెలుసు. ఆ మాట ఉన్న వాక్యం ఇది: ‘పండక్కి వచ్చేటప్పుడు అమ్మకు’, తర్వాత చిల్లు, తర్వాత ‘తెస్తాను’. ఏం తెస్తానన్నదో ఇక తెలిసే దారి లేదు.

ఉత్తరం రాయాలని మనసులో ఉండి కూడా ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతున్నవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. రాసే మాటలతో పాటు కాగితం, కలం, చిరునామా, తపాలా, దాచుకోవడం గురించి కూడా నాకు తెలిసినదంతా వరుసగా చెబుతాను.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఎందుకు

పెన్నకు వరద వచ్చినప్పుడు ఫోను చేయాలి, మనిషిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఫోను చేయాలి. కబురు చేరవేయడంలో ఉత్తరం ఫోనుతో పోటీ పడదు, పడనవసరం లేదు. ఉత్తరం చేసే పని వేరు. మన ఇళ్లలో ప్రేమను ఎదుట నిలబడి చెప్పే అలవాటు తక్కువ. ‘నాయనా, పొగాకు పంట పోయిన ఏడు కూడా నువ్వు నా ఫీజు కట్టావు, ఆ సంగతి నేను మరిచిపోలేదు’ అని తండ్రి ముఖం చూసి చెప్పగలిగిన కొడుకును నేను ఎక్కడా చూడలేదు. ఫోనులోనూ ఆ మాట రాదు, ‘తిన్నావా, వాన పడిందా’ అన్న దగ్గరే ఆగిపోతుంది. కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ బిడియం అడ్డం రాదు. చదివేవారు కూడా ఆ సమయంలో మన ఎదుట ఉండరు కాబట్టి, కళ్లు తుడుచుకోవలసి వస్తే ఎవరికీ కనబడకుండా తుడుచుకోవచ్చు, మళ్లీ చదవాలనిపిస్తే మళ్లీ చదువుకోవచ్చు. ఎదుట చెప్పలేని మాటను చెప్పించడమూ, చెప్పిన మాటను అవతలివారి చేతిలో ఉంచడమూ ఉత్తరం చేసే పనులు. కింద చెప్పే మెట్లన్నీ ఈ రెండు పనులకు సాయపడేవే.

మొదటి మెట్టు: ఒక్క మనిషిని ఎంచుకోవడం

ఉత్తరం ఎప్పుడూ ఒక్కరికే రాయాలి. ‘ఇంటిల్లిపాదికీ’ అని రాసిన ఉత్తరం ఎవరికీ తనదని అనిపించదు. ఒక కాగితం మీద మూడు పేర్లు రాసుకోండి: మిమ్మల్ని పెంచినవారిలో ఒకరు, మీకు చదువో పనో నేర్పినవారిలో ఒకరు, కష్టకాలంలో అండగా నిలబడి ఇప్పుడు దూరమైనవారిలో ఒకరు. ఆ ముగ్గురిలో ఎవరికి రాయడం మీకు కష్టంగా తోస్తుందో వారిని రెండో ఉత్తరానికి ఉంచండి, మొదటిది తేలికగా తోచినవారికే రాయండి. సంక్రాంతి దాకానో పుట్టినరోజు దాకానో ఆగవలసిన అవసరం లేదు. ఏ సందర్భమూ లేని రోజున వచ్చిన ఉత్తరమే ఎక్కువ సంతోషపెడుతుందని నా అనుభవం, ఎందుకంటే అది తప్పనిసరై రాసినది కాదని అందుకున్నవారికి తెలుస్తుంది.

రెండో మెట్టు: కార్డా, ఇన్‌లాండా, కవరా

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న మొదలైంది, అప్పుడు దాని వెల కాలణా. ఇప్పుడు సాధారణ పోస్టుకార్డు 50 పైసలు, మడిచి అంటించే ఇన్‌లాండ్ లెటర్ 2 రూపాయల 50 పైసలు, 20 గ్రాముల లోపు కవరు 5 రూపాయలు. మూడింటిలో ఏది తీసుకోవాలన్నది వెలను బట్టి కాక, రాసే విషయాన్ని బట్టి తేల్చుకోవాలి.

పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మామూలు చేతిరాతలో ఒక పక్క అరవై, డెబ్బై మాటలు పడతాయి. చిరునామా ఉన్న పక్కన ఎడమ సగంలో కూడా రాసుకోవచ్చు. కార్డును దారిలో ఎవరైనా చదవగలరు కాబట్టి డబ్బు సంగతులు, ఇంటి తగాదాలు, జబ్బు వివరాలు దాని మీద రాయకూడదు. ఒక జ్ఞాపకం, ఒక ధన్యవాదం, ‘నిన్ను తలుచుకున్నాను’ అన్న ఒక మాట పంపడానికి మాత్రం కార్డుకు మించినది లేదు. చాలా కాలం తర్వాత రాసేవారికి నేను కార్డునే సూచిస్తాను, నింపవలసిన ఖాళీ తక్కువగా ఉంటే చేతికి ధైర్యం వస్తుంది.

ఇన్‌లాండ్ లెటర్ లోపల వేరే కాగితం గానీ ఫొటో గానీ పెట్టకూడదు. ఫొటో పెట్టాలన్నా, నాలుగు పేజీలు రాయాలన్నా కవరే దారి. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే (80 జి.ఎస్.ఎం.) ఎ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. కవరు బరువు కూడా కలుస్తుంది కాబట్టి మూడు కాగితాలు పెడితే 20 గ్రాముల లోపు ఉంటామని అనుకోవచ్చు. నాలుగో కాగితం పెడితే పోస్టాఫీసులో తూకం వేయించి, అవసరమైన స్టాంపు అంటించండి. స్టాంపు తక్కువైతే ఆ లోటు కింద అందుకునేవారి దగ్గర డబ్బు వసూలు చేస్తారు, మనం రాసింది చదవకముందే వారు డబ్బు కట్టవలసి రావడం బాగుండదు.

దుకాణంలో కొన్న గ్రీటింగ్ కార్డు పంపినా మంచిదే. అయితే అచ్చు వేసిన పద్యం కింద సంతకం పెట్టి పంపితే అది మీ ఉత్తరం కాదు. ఎడమ వైపున్న ఖాళీ పేజీలో మీ చేతితో నాలుగు వాక్యాలైనా రాయండి.

మూడో మెట్టు: కలం, కాగితం, చేతిరాత

మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఉంటాయి. పోస్టుమాన్ సంచి తడిస్తే జెల్ పెన్ను సిరా, మామూలు ఇంకు పెన్ను సిరా చెదిరిపోతాయి. బాల్‌పెన్ను సిరా నూనెతో తయారైనది కాబట్టి నీటికి తట్టుకుంటుంది. ఉత్తరం మీకు ఇష్టమైన పెన్నుతో రాసినా, చిరునామా మాత్రం బాల్‌పెన్నుతోనే రాయండి.

తెలుగు రాతకు ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం వస్తాయి, కింద ఒత్తులు వస్తాయి. వరుసలు దగ్గర దగ్గరగా ఉన్న నోటుపుస్తకం కాగితం మీద పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకి, రెండూ చదవడానికి వీల్లేకుండా పోతాయి. అటువంటి కాగితం మీద వరుస విడిచి వరుస రాయండి. గీతలు లేని తెల్లకాగితం వాడేటట్లయితే, ముదురు గీతలు గీసిన మరొక కాగితాన్ని అడుగున పెట్టుకుంటే ఆ గీతలు పైకి లీలగా కనబడతాయి, రాత వంకర పోదు. పెద్దవారికి రాసేటప్పుడు అక్షరం మామూలు కన్నా పెద్దదిగా ఉండాలి, ‘వ’కూ ‘ప’కూ, ‘మ’కూ ‘య’కూ తేడా స్పష్టంగా తెలియాలి.

‘నా రాత బాగుండదు’ అని వెనుకాడేవారు చాలామంది. మార్కాపురం పలక మీద బలపంతో అక్షరాలు దిద్దుకున్న మనలో చాలామందికి బడి విడిచాక తెలుగు రాయవలసిన పనే పడలేదు, చేయి మొద్దుబారింది. నాలుగు రోజులు రోజుకు పది వరుసల చొప్పున ఏదైనా చూసి రాస్తే అది మళ్లీ దారికి వస్తుంది. నెల్లూరు దగ్గర పల్లెపాడులో పెన్న ఒడ్డున 1921 ఏప్రిల్ 7న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీజీ, తన చేతిరాత బాగుండదని ఆత్మకథలో ఎంతో బాధపడుతూ రాసుకున్నారు. ఆ రాతతోనే ఆయన వేల ఉత్తరాలు రాశారు, కుడిచేయి అలసిపోతే ఎడమచేత్తో రాశారు. అందంగా లేకపోయినా చదవడానికి వీలుగా ఉంటే చాలు, ఆ రాత మీదని గుర్తుపట్టే మనిషి అవతల ఉన్నారు.

నాలుగో మెట్టు: పిలుపు

మన పాత పద్ధతిలో కాగితం నెత్తిన ‘శ్రీ’ గానీ ‘శ్రీరామ’ గానీ రాసి, కుడి పక్కన ఊరి పేరూ తేదీ వేసేవారు. ‘పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది’ అని పెద్దలకు, ‘చిరంజీవి’ అని చిన్నవారికి, ‘చి.ల.సౌ.’ అని ఆడపిల్లకు రాసేవారు. ‘చి.ల.సౌ.’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఆ తర్వాత ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి’ అని వచ్చేది. ఇరువురి కుశలమూ తెలుపుకున్న మీదట అసలు విషయానికి వస్తున్నానని ఆ మాటకు అర్థం. క్రైస్తవ కుటుంబాల్లో ‘ప్రభువు నామమున వందనములు’ అనీ, ముస్లిం కుటుంబాల్లో ‘అస్సలాము అలైకుం’ అనీ ఆరంభిస్తారు.

ఇవన్నీ ఇప్పుడు పాటించాలా అని అడిగితే, రెండింటిని మాత్రం విడవవద్దంటాను. మొదటిది ఊరు, తేదీ, ముఖ్యంగా సంవత్సరం. మా నాయన తీగకున్న ఉత్తరాల్లో సగానికి సంవత్సరం లేదు, తపాలా ముద్ర చెరిగిపోయినవాటి కాలం ఎవరూ చెప్పలేరు. రెండోది, ఆ మనిషిని మీరు నోటితో ఎలా పిలుస్తారో అలాగే కాగితం మీద కూడా పిలవడం. ఇంట్లో ‘జేజీ’ అని పిలిచే మనవరాలు కాగితం మీద ‘గౌరవనీయులైన నాయనమ్మ గారికి’ అని రాస్తే, ఆ ఉత్తరం వేరెవరో రాసినట్టు ఉంటుంది. గురువుకు, పై అధికారికి, పరిచయం తక్కువున్న పెద్దవారికి ‘గారు’, ‘మీరు’ తప్పనిసరి. మిగిలినవారి విషయంలో నోటి పిలుపే సరైన పిలుపు.

ఐదో మెట్టు: అసలు రాత

చాలా ఉత్తరాలు ఇక్కడే చప్పబడిపోతాయి. ‘నేను బాగున్నాను, పని బాగుంది, మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి’ అని రాసి, ఇంకేం రాయాలో తోచక ముగిస్తారు. ఈ మాటలు ఎవరైనా ఎవరికైనా రాయగలరు. మీరు మాత్రమే ఆ ఒక్క మనిషికి రాయగలిగిన మాట ఏదన్నది కలం పట్టకముందే ఆలోచించుకోవాలి.

అందుకు నేను పాటించే పద్ధతి ఇది. ముందు, ఈ వారంలో నేను కళ్లారా చూసిన ఒక చిన్న సంగతిని ఎంచుకుంటాను. తర్వాత, ఆ మనిషితో ముడిపడిన ఒక పాత జ్ఞాపకాన్ని, అందులోని వస్తువు, చోటు, మాట పోకుండా రాస్తాను. ఆ తర్వాత ఇంతవరకూ చెప్పని మాటను ఒకటి రెండు వాక్యాల్లో, తిప్పకుండా చెబుతాను. చివర జవాబు చెప్పగలిగే ఒక ప్రశ్న అడుగుతాను. ‘ఎలా ఉన్నారు’ అనే ప్రశ్నకు ‘బాగున్నాను’ తప్ప జవాబు రాదు. ‘పెరట్లో మునగచెట్టు మొన్నటి గాలికి నిలిచిందా’ అని అడిగితే అవతలివారు నాలుగు వాక్యాలు రాస్తారు.

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి పొదిలి దగ్గర పల్లెలో ఉన్న జేజికి ఇలా రాయవచ్చు:

‘జేజీ, నేను బాగున్నాను. మొన్న ఇక్కడి అంగట్లో జొన్నరొట్టె అమ్ముతుంటే కొన్నాను. చేత్తో తట్టింది కాదు, మిషను మీద ఒత్తింది, అంచులన్నీ ఒకటే మందం. నువ్వు తట్టే రొట్టెకు ఒక పక్క వేలిముద్ర లోతుగా పడేది, అక్కడ నెయ్యి నిలిచేది, ఆ ముక్క నాకే పెట్టేదానివి. అన్నకు తెలియకుండా పెట్టేదానివని ఇప్పుడు అర్థమవుతోంది. నేను పదో తరగతి తప్పినప్పుడు ఇంట్లో అందరూ మాట్లాడారు, నువ్వొక్కదానివే ఏమీ అనలేదు. పొద్దున్నే లేపి కందిచేనికి తీసుకుపోయావు. ఆ రోజు నువ్వు ఏమీ అడగకపోవడం వల్లే నేను మళ్లీ పరీక్ష రాశాను. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి కంది పూత ఎలా ఉంది? చిన్నాయనతో రాయించి పంపు.’

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు, ఉపమానం లేదు. నెయ్యి నిలిచిన రొట్టె ముక్క ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు, ఉత్తరమంతా దాని మీదే నిలబడింది.

చిత్తుప్రతి రాసుకుని తర్వాత దానిని చక్కగా ఎత్తి రాయడం ధన్యవాదాలకూ, క్షమాపణకూ అవసరమేమో గానీ, ఇంటివారికి రాసేదానికి అవసరం లేదు. ఒక మాట తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయండి. కొట్టివేత కనబడితే తప్పు లేదు. నేనైతే తీగ మీది ఉత్తరాల్లో కొట్టివేసిన మాటలను కూడా వెలుతురుకు ఎత్తి పట్టి చదవడానికి ప్రయత్నించాను.

సలహాలు తగ్గించండి. ఊరి నుంచి పట్నానికి, పట్నం నుంచి ఊరికి నడిచే ఉత్తరాల్లో సగం జాగ్రత్తలే ఉంటాయి, అవి ఫోనులో రోజూ వినేవే.

చదువు రానివారికి రాసేటప్పుడు

మా జేజికి చదువు రాదు. ఉత్తరం వస్తే నేను అరుగు మీద కూర్చుని పైకి చదివేవాణ్ణి, ఆమె వత్తులు చేసుకుంటూ వినేది. చదవడం అయిపోగానే ‘మళ్లీ మొదట్నుంచి చదువు’ అనేది. ఆ రోజుల్లో ప్రతి ఉత్తరం చివరా ‘చిన్నత్తను, నరసమ్మక్కను, పిల్లలందరినీ అడిగినట్టు చెప్పవలెను’ అని పేర్లు వరుసగా ఉండేవి. నా పేరు వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ చదవడం, వచ్చినప్పుడు దానిని కాస్త గట్టిగా చదవడం నాకు బాగా గుర్తు. ఇప్పుడు రాసేవారు ఈ పేర్ల వరుసను వదిలేస్తున్నారు. ఉత్తరం ఒకరికే అయినా, ఆ ఇంట్లో దానిని వినేవారి పేర్లు చివర తప్పక చేర్చండి, చదివిపెట్టే పిల్లవాడి పేరు మరిచిపోకండి.

పైకి చదివించుకునే ఉత్తరంలో వాక్యాలు పొట్టిగా ఉండాలి, ఒక్కో సంగతికి ఒక్కో పేరా ఉండాలి. చదివేవారు పొరుగువారు కావచ్చు కాబట్టి గుట్టు మాటలు అందులో పెట్టకూడదు. అవి మీరు వెళ్లినప్పుడు పక్కన కూర్చుని చెప్పవలసినవి.

దుఃఖంలో ఉన్నవారికి

పూర్వం చావు కబురు తెచ్చిన కార్డు మీద ‘శ్రీ’ ఉండేది కాదు, చదివిన వెంటనే దానిని చించివేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. తొందర కబుర్లకు టెలిగ్రాం ఉండేది, 2013 జులైలో ఆ సేవ కూడా ముగిసింది. ఇప్పుడు కబురు ఫోనులో నిమిషాల్లో తెలుస్తుంది, ఓదార్పు కూడా రెండు చేతులు జోడించిన బొమ్మతో అంతే వేగంగా ముగిసిపోతుంది. నా మనసులో అన్నింటికన్నా అవసరమైన ఉత్తరం ఇదే, అందరూ రాయడానికి భయపడేది కూడా ఇదే.

పెద్దకర్మ అయ్యేదాకా ఇంటి నిండా మనుషులు ఉంటారు. చుట్టాలు బస్సెక్కి వెళ్లిపోయాక, వంటపాత్రలు అద్దె దుకాణానికి తిరిగి వెళ్లాక ఆ ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. మీ ఉత్తరం ఆ వారంలో చేరేటట్టు వేయండి. నెల దాటినా, రెండు నెలలు దాటినా ఆలస్యమైందని మానుకోవద్దు. పోయిన మనిషి పేరు రాయడానికి వెనుకాడవద్దు. ఆ మనిషి గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి రాయండి, ఇంటివారికి అది కొత్తగా దొరికిన వస్తువులా ఉంటుంది. ‘మామయ్య గారు ఒంగోలు బస్టాండులో నాకు చిల్లర లేకపోతే టికెట్టు కొనిచ్చి, డబ్బు తిరిగి ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకున్నారు’ అన్న ఒక్క వాక్యం చాలు. ‘కాలమే గాయాన్ని మాన్పుతుంది’, ‘అంతా దైవనిర్ణయం’, ‘మీరే ధైర్యం తెచ్చుకోవాలి’ అనే మాటలు రాయవద్దు. అవి నిజమైనా కాకపోయినా, బాధపడుతున్నవారిని మాట్లాడవద్దని చెప్పినట్టే ఉంటాయి. జవాబు రాయనవసరం లేదని చివర ఒక వాక్యం చేర్చండి.

క్షమాపణ ఉత్తరానికి ఒకే నియమం. చేసిన తప్పును పేరు పెట్టి చెప్పాలి, ‘కానీ’ అనే మాట ఎక్కడా రాకూడదు.

ఆరో మెట్టు: చిరునామా

ఇందులో నేను చేసిన పొరపాటు చెబుతాను. మా చిన్ననాటి స్నేహితుడికి అతని షష్టిపూర్తికి అందేటట్టు ఒక పెద్ద ఉత్తరం రాసి, పిన్‌లో 523కు బదులు 532 అని వేశాను. 523 ప్రకాశం ప్రాంతానిది, 532 శ్రీకాకుళానిది. ఉత్తరం శ్రీకాకుళం చూసుకుని, పండుగ అయిన తర్వాత ఎన్నో రోజులకు అతని చేతికి అందింది. అప్పటి నుంచి కవరు అంటించాక పిన్ అంకెలను ఒక్కొక్కటిగా పైకి చదువుకుంటున్నాను.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరు అంకెల్లో మొదటిది దేశంలోని పెద్ద తపాలా ప్రాంతాన్ని చెబుతుంది, 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. నెల్లూరు ప్రధాన పోస్టాఫీసు 524001, ఒంగోలుది 523001. జిల్లాల సరిహద్దులు మారినప్పుడు పిన్ మారదని గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు కందుకూరును నెల్లూరు జిల్లాలో చేర్చారు గానీ, దాని పిన్ 523105 మారలేదు. జిల్లా పేరు దగ్గర అనుమానం వస్తే పిన్‌ను నమ్ముకోండి.

పల్లెలకు రాసేటప్పుడు ఇంటిపేరు తప్పనిసరి, ఒకే ఊళ్లో ఒకే పేరున్నవారు నలుగురుంటారు. ఇంటిపేరుతో మనిషి పేరు, తండ్రి గానీ భర్త గానీ పేరు, వీధి గుర్తు, ఊరు, పోస్టాఫీసు ఉన్న ఊరు వేరైతే దాని పేరు, మండలం, జిల్లా, పిన్, ఈ వరుసలో రాయండి. ‘రామాలయం ఎదురు’, ‘చెరువుకట్ట దగ్గర’ వంటి గుర్తులు కొత్తగా వచ్చిన పోస్టుమాన్‌కు ఎంతో సాయం. కవరు మీదైతే ఫోను నంబరు కూడా వేయండి. మన రాష్ట్రంలోకి తెలుగులో రాసిన చిరునామా చక్కగా చేరుతుంది, ఇతర రాష్ట్రాలకు ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం క్షేమం. మీ సొంత చిరునామా వెనుకవైపో ఎడమ మూలో తప్పక ఉండాలి, అది లేకపోతే చేరని ఉత్తరం మీకు తిరిగి రాదు.

ఏడో మెట్టు: డబ్బాలో వేయడం

వీధిలోని పోస్టుడబ్బా మీద ఉత్తరాలు తీసే సమయం రాసి ఉంటుంది, అది చూసి వేయండి. తుప్పు పట్టి, ఎవరూ తెరుస్తున్న ఆనవాలు లేని డబ్బాలో వేయకుండా పోస్టాఫీసుకే వెళ్లండి. పల్లెల్లో బ్రాంచి పోస్టుమాస్టరు చేతికి ఇస్తే ఇంకా మంచిది. ఒక రోజుకు అందాలనుకుంటే కనీసం వారం ముందు వేయండి. చేరిందో లేదో తెలియవలసిన ఉత్తరమైతే స్పీడ్ పోస్టులో పంపాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో అందులోనే కలిపారు. కవరులో డబ్బు నోట్లు పెట్టవద్దు.

వేశాక, ‘ఉత్తరం వచ్చిందా’ అని ఫోను చేసి అడగకండి. ఆ మనిషికి అది తలుపు దగ్గర అనుకోకుండా దొరకాలి.

పిల్లల చేత రాయించడం

తపాలా శాఖ ఏటా ‘ఢాయి ఆఖర్’ పేరుతో జాతీయ స్థాయి ఉత్తరాల పోటీ నిర్వహిస్తుంది. చేత్తోనే రాయాలి, తెలుగులో రాయవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపువారికీ, పైవారికీ విభాగాలు వేరు, ఇన్‌లాండ్ లెటరుకూ కవరుకూ వేరు. పోటీ మంచిదే గానీ, పిల్లలకు అలవాటు పడేది జవాబు వచ్చినప్పుడే. మీ బిడ్డ చేత అమ్మమ్మకు ఒక కార్డు రాయించండి, అమ్మమ్మకు ముందే చెప్పి తిరుగు టపాలో కార్డు వేయించండి. తన పేరు రాసి ఉన్న కార్డు పోస్టుమాన్ చేతి నుంచి నేరుగా అందుకున్న పిల్లలకు రెండోసారి చెప్పవలసిన పని పడదు. అక్షరదోషాలను ఎర్రసిరాతో దిద్దకండి, ఆ ఉత్తరం బడి పని కాదు.

చివరి మెట్టు: దాచుకోవడం

వచ్చిన ఉత్తరానికి సంవత్సరం లేకపోతే, వెనుక మూలన పెన్సిలుతో తేదీ, రాసినవారితో మీకున్న వరుస రాసి పెట్టండి. పెన్సిలు రాత వెలిసిపోదు, కాగితాన్ని తినదు. మన సముద్రపు గాలికి గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, క్లిప్పులు తుప్పు పట్టి కాగితాన్ని కాల్చినట్టు చేస్తాయి, వాటిని తీసివేయండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించవద్దు, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్ కూడా చేయించవద్దు, ఒకసారి వేడితో అతికిన ప్లాస్టిక్కును మళ్లీ తీయలేము. మడతలు విప్పి, చదునుగా, అట్టపెట్టెలో పేర్చి, బాగా ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి పక్కన ఉంచండి. పెట్టెను నేల మీద కాక ఎత్తైన అలమరలో, గోడకు తగలకుండా పెట్టండి. ఏడాదికి ఒకసారి, సంక్రాంతి వెళ్లాక గాలిలో తేమ తగ్గిన రోజుల్లో, నీడలో గాలికి ఆరబెట్టండి. ముఖ్యమైనవాటిని ఫోనుతో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి పంపి ఉంచండి.

మా మేనత్త కార్డును ఇప్పుడు అటువంటి పెట్టెలోనే ఉంచాను. చిల్లు ఉన్నచోట కాగితం పొడిపొడిగా రాలుతోంది కాబట్టి దానిని రెండు తెల్లకాగితాల మధ్య పెట్టాను. తీగకు మాత్రం దేనినీ గుచ్చవద్దు.